కొత్తవాడికి ఏ పులుపు పోయాలి

కల్లు దుకాణంలో ఉద్యోగమేమిటి, ముంతలో ఉన్నది దొప్పలో పోయడమే కదా అని మా బంధువుల్లోనే చాలామంది నవ్వారు. అలా నవ్వినవాళ్లే పొద్దువాలేసరికి నా ఎదురుగా వచ్చి కూర్చునేవాళ్లు, అది వేరే సంగతి. మార్కాపురం రోడ్డు స్టేషన్ దారిలో ఉన్న దుకాణంలో నల్లజుట్టుతో చేరాను, నెరిసిన మీసంతో బయటికి వచ్చాను. మద్రాసు ప్రభుత్వం మద్యనిషేధం పెట్టింది, మేం తలుపు మూశాం, నా పని అక్కడితో సరి.

ఇప్పుడు మళ్లీ దుకాణాలు తెరిచారు. కొత్తగా చేరిన పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి, ఈ పనిలో కిటుకేమిటని అడుగుతున్నారు. వేలంపాటల గొడవలు, అబ్కారీ వాళ్ల తనిఖీలు నేను రాయను. అవి ఎవరూ చెప్పకుండానే మీ నెత్తిన పడతాయి, మీరే నేర్చుకుంటారు. నేను రాసేది ఒకే ఒక్క విషయం. పుట్టి బుద్ధెరిగాక ఒక్క చుక్క తాగనివాడు మీ ముందుకు వచ్చి కూర్చుంటే, ఏ ముంత మీద చెయ్యి వేయాలి?

తాగుడు అలవాటైనవాడికి ఎవరైనా పోస్తారు. వాడికేం కావాలో వాడే చెబుతాడు, చెప్పకపోతే తిడతాడు. కొత్తవాడి దగ్గరే పోసేవాడి పనితనం బయటపడేది.

పులుపు ఒకటి కాదు

కల్లు పొద్దున చెట్టు దిగినప్పుడు తియ్యగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ పులుపు ఎక్కుతుంది. మరునాటికి ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్లు చెమరుస్తాయి. ఇంతవరకూ అందరికీ తెలుసు. తెలియనిదేమిటంటే ఆ పులుపుల్లో దేని దారి దానిది. ఈతకల్లు పులుపు నాలుక అంచుల మీద నడిచి వెళ్లిపోతుంది. తాటికల్లు పులుపు గొంతులో కూర్చుంటుంది, లెమ్మన్నా లేవదు. కడిగిన లొట్టిలో దిగినది ఒక రకం, అడుగున పాత మడ్డి ఉంచిన లొట్టిలో దిగినది ఇంకో రకం. లొట్టి అంటే చెట్టుకు కట్టే కుండ అని మీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ తేడా పట్టుకునే శక్తిని మా పనిలో ‘నోరు’ అనేవాళ్లం. "వానికి నోరుంది" అంటే వాగుతాడని కాదు, రుచి తెలుసని. పరాయివాళ్లు ఆ మాట విని అపార్థం చేసుకుని కొట్లాటకు వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి.

దొనకొండ డ్రైవరు దొర

మార్కాపురం రాకముందు కొన్నాళ్లు దొనకొండ దుకాణంలో పనిచేశాను. అక్కడ రైల్వే వాళ్ల బంగళాలు ఉండేవి. దుకాణం పాడుకున్న కాంట్రాక్టరుకు దొరలంటే దేవుళ్లంత భక్తి. ఊరివాళ్లలో కొత్తవాడెవడైనా వస్తే మాత్రం, "వానికేం తెలుసులే, నిన్నటి ముంత అడుగుది పొయ్యి" అనేవాడు. అలా పోస్తే వాడు జన్మలో మళ్లీ రాడని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. మనిషి చెడ్డవాడు కాదు, పండక్కి మా అందరికీ పంచెలు పెట్టేవాడు. కానీ నోరు లేదు. నోరు లేని యజమాని కింద పనిచేయాల్సివస్తే ఎదురు చెప్పకండి, ఆయన అటు తిరిగినప్పుడు మీకు తోచిన ముంత తీయండి. నేను అదే చేశాను.

ఒకరోజు కొత్తగా బదిలీ అయి వచ్చిన రైలింజను డ్రైవరు దొర, తన వంటసాయిబును వెంటబెట్టుకుని మా దుకాణానికి వచ్చాడు. బుడ్డిలో వచ్చే బీరు తప్ప ఆయన ఎప్పుడూ కల్లు రుచి చూడలేదట. మా కాంట్రాక్టరు ఇత్తడి గ్లాసు తోమించి, తెల్లవారి దిగిన తీపికల్లు గుడ్డతో వడగట్టి, రెండు చేతులతో అందించాడు. దొరలు సుకుమారులు, పులుపుకు ఆగలేరని ఆయన లెక్క. దొర ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. ఏదో అన్నాడు. వంటసాయిబు నవ్వు ఆపుకుంటూ మాకు చెప్పాడు.

"ఇది జ్వరమొచ్చిన పిల్లలకు పోసే మందా అని అడుగుతాండు భాయ్."

కాంట్రాక్టరు మొహం మాడిపోయింది. నేను సాయిబును పక్కకు పిలిచి అడిగాను.

"మీ దొర ఇంట్లో ఏం తింటాడు?"

"కూరలో సిర్కా పడకుంటే పళ్లెం నెట్టేస్తాడు. మాంసం రాత్రంతా సిర్కాలో నానాలె. నా చేతులు చూడు, ఆ పులుపుకు తెల్లగైపోయినాయి."

సిర్కా అంటే దొరలు వాడే వెనిగరు. వెంటనే నేను నిన్నటి తాటికల్లు, ఘాటుగా పులిసినది, ఒక మట్టిముంతలో పోసి పెట్టాను. కాంట్రాక్టరు కళ్లతోనే నన్ను కాల్చేశాడు. దొర వాసన చూశాడు, ఒక గుక్క తాగాడు, ముంత ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకున్నాడు. దొనకొండలో ఉన్నన్నాళ్లూ ఆయన ఆ పులుపు తప్ప ఇంకో రకం ముట్టలేదు.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు. ఆ జిహ్వ ఎలాంటిదో మొహం చూస్తే తెలియదు, వాళ్ల వంటింట్లో తెలుస్తుంది. ఆ రోజు నుంచి నేను కొత్తవాళ్లను ‘ఇంతకు ముందు ఏం తాగావు’ అని అడగడం మానేశాను. ‘ఇంట్లో పుల్లగా ఏం తింటావు’ అని అడిగేవాణ్ణి. గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగనివాడికి మధ్యాహ్నపు తాటికల్లు. మజ్జిగ కాస్త పులిస్తే పారబోసే ఇంటివాడికి ఎండ ఎక్కని ఈతకల్లు. ఇంతే నా విద్య. మీరూ ఇలాగే అడగండి. సిగ్గుపడకుండా చెబుతారు, తిండి గురించి అడిగితే ఎవరికైనా ఇష్టమే.

ఇంకొన్ని చిన్న సంగతులు. కొత్తవాణ్ణి మొదట వాసన చూడనివ్వండి. గుక్క నోట్లో కాసేపు ఆపి, మింగాక ముక్కుతో గాలి వదలమనండి, అప్పుడే అసలు రుచి దిగుతుంది. మధ్యలో రెండు ఉప్పు శనగలు పెట్టండి. పులుపు తాగాక మళ్లీ తీపి పోయకండి, అది నోటికి చప్పిడి నీళ్లలా తగులుతుంది, తిట్లు మీకు తగులుతాయి. మగతనం చూపించడానికి ఘాటైన ముంత అడిగే కుర్రాణ్ణి మాత్రం నిర్దాక్షిణ్యంగా ఇంటికి పంపండి. కల్లు తాగిన కోతిని ఒక్కసారి సముదాయిస్తే చాలు, ఆ తర్వాత మీకే బుద్ధి వస్తుంది.

కాశయ్య

నేను పోసినవాళ్లందరిలో నాకు బాగా గుర్తుండిపోయినవాడు కాశయ్య. మార్కాపురంలో పలకల రాయి కోసే పని చేసేవాడు. వాళ్ల నాయన తాటిచెట్లు గీసే మనిషి. కాశయ్య ఇంకా నడక రాని పసివాడిగా ఉన్నప్పుడే ఆయన చెట్టు మీది నుంచి పడి చనిపోయాడు. తల్లి చెన్నమ్మ ఆ తర్వాత గడపలోకి కల్లు రానివ్వలేదు. కొడుకును చెట్ల వైపు చూడనివ్వకుండా రాయి పనిలో పెట్టింది. నాకు ఆమె వరసకు అక్క, అందుకని కాశయ్య నన్ను మామా అనేవాడు. దుకాణం ముందు నుంచి పోయేటప్పుడు పలకరించేవాడే కానీ లోపలికి ఎన్నడూ అడుగుపెట్టలేదు.

అలాంటివాడు ఫాల్గుణంలో ఒకరోజు పని దిగి, ఒంటి నిండా పలకల దుమ్ముతో లోపలికి వచ్చి కూర్చున్నాడు.

"మామా, నాకు పుల్లకల్లు నేర్పించాల."

"ఏందిరా, మీ అమ్మకు తెలుసునా?"

"తెలిస్తే నేను ఇంట్లోనే ఉండను, నిన్ను ఊర్లోనే ఉండనీదు."

అసలు కథ అప్పుడు చెప్పాడు. కురిచేడులో ఓబుళమ్మ అనే పిల్ల ఉంది. శనగకాయలు పెరికే పనులకు మార్కాపురంలో మేనత్త ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరికీ మాట కలిసింది. పెద్దవాళ్లు కూడా ఒప్పుకున్నారు. ఇక మిగిలింది సంబంధం ఖాయం చేసుకోవడం. మా వాళ్లలో అది కల్లుతోనే జరుగుతుంది. పిల్ల తరఫువాళ్ల ఇంట్లో కల్లు పోస్తే పెళ్లికొడుకు తాగాలి. తాగితే ఖాయం, ముంత పక్కకు నెడితే సంబంధం వద్దన్నట్టు. ఓబుళమ్మ ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. ఆమె తాత బతుకంతా చెట్లెక్కినవాడు, చుట్టుపక్కల ఊళ్లలో ఆయనంత నోరున్న మనిషి లేడని పేరు. మూడు ముంతలు ముందు పెట్టి, ఏది ఎలాంటి పులుపో చెప్పమంటాడు. అంతకు ముందు వచ్చిన ఒక పెళ్లికొడుకు మూడూ గటగటా తాగేసి మూతి తుడుచుకుంటే, "దాహానికి తాగేటోనికి బావి ఉంది, నా ఇల్లెందుకు?" అని పంపేశాడట.

"మరి మీ అమ్మ ఏమంటాంది?"

"వాళ్లు తాగితే తాగనీ, నా కొడుకు మాత్రం ముట్టడు అంటాంది. సరేనన్నా. ఓబుళమ్మకు కూడా తాతను గెలుస్తానని చెప్పినా."

"ఇద్దరికీ సరే అంటివే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎట్ల దాటుతావు?"

"అమ్మ ఆడోళ్లతో లోపల ఉంటాది కదా మామా. ఆ సందులో కానిచ్చేస్తా."

ఓబుళమ్మ లేకపోతే తనకు పెళ్లే వద్దని తల వంచుకుని చెప్పాడు. నాకు వాడి మీద జాలేసింది, నిజం చెప్పాలంటే ముచ్చట కూడా వేసింది. సరే, ముందు ఆ రాతిపొడి పోయేలా నోరు పుక్కిలించి రమ్మన్నాను.

నా మామూలు ప్రశ్న అడిగాను. ఇంట్లో పుల్లగా ఏం తింటారు? మామిడికాయ, చింతపండు, చింతచిగురు అన్నాడు.

"అంబలి?"

"లేదు మామా. అమ్మ పొద్దున్నే పొయ్యి వెలిగించి వేడిగా సంకటి చేస్తాది."

"అదృష్టవంతుడివిరా. మా ఇంట్లో పండగ పూట కూడా పులిసిన అంబలే."

మా ప్రాంతంలో రాత్రి జొన్న పిండి కాచి కుండలో ఉంచి, తెల్లారేసరికి పులిసిన అంబలి తాగి పనికి పోని ఇల్లు అరుదు. చెన్నమ్మక్క ఇంట్లో అది లేదంటే కొడుకును గారాబంగా పెంచుకుంటోందనే అనుకున్నాను.

మొదటిరోజు అప్పుడే పులుపు తగులుతున్న ఈతకల్లు పోశాను. వాడి మొహం చూడాలి, ఆముదం తాగిన పిల్లవాడు నయం.

"పుల్లగుంది మామా."

"అది పసిపిల్లోడు కూడా చెప్తాడు. ఎట్ల పుల్లగుంది?"

మళ్లీ నోట్లో పోసుకున్నాడు. ఈసారి కళ్లు మూసుకున్నాడు.

"మామిడి పిందె. టెంక కట్టకముందుది."

నేను ఎగిరి గంతేయలేదు కానీ, వేయాలనిపించింది. అంత సరిగ్గా చెప్పినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు పని దిగగానే వచ్చేవాడు. మధ్యాహ్నపు తాటికల్లుకు చింతచిగురు అన్నాడు. పొద్దువాలినదానికి పాత చింతపండు అన్నాడు. ఒక దొప్పకు మించి నేను పోయలేదు, వాడూ అడగలేదు. వాడికి మత్తు అక్కర్లేదు, మాటలు కావాలి. ఇంటికి పోయేముందు వాసన పోయేలా జామాకులు నమిలేవాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, వీడు కల్లే తాగి పాలు తాగినవాడిలా ఇల్లు చేరేవాడు. వాణ్ణి చూస్తే నాకు నవ్వొచ్చేది.

కురిచేడు

నాయన లేనివాడు కాబట్టి పెద్దమనిషిగా నన్ను రమ్మన్నారు. కాశయ్య, చెన్నమ్మక్క, నేను రైల్లో కురిచేడులో దిగాం. మగవాళ్లను వసారాలో చాప మీద కూర్చోబెట్టారు. చెన్నమ్మక్కను ఆడవాళ్లు లోపలికి తీసుకుపోయారు. కాశయ్య నా వైపు చూసి ఊపిరి వదిలాడు.

తాత కర్ర పట్టుకుని వచ్చి వాడికి ఎదురుగా కూర్చున్నాడు. పొట్టిగా, ఎండిన కొమ్మలా ఉన్నాడు. చెట్టును కావలించుకుని ఎక్కడంతో కాయలు కాసిన ఛాతీ, చొక్కా వేయలేదు. ఓబుళమ్మ మూడు ముంతలు తెచ్చి పెట్టి, మొదటిదాంట్లోంచి తాటాకు దొప్పలో పోసింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు నాయనా," అన్నాడు తాత. "తాగి చెప్పు."

కాశయ్య నిదానంగా తాగాడు.

"మామిడి పిందె, తాతా."

తాత రెండోది పోయమని సైగ చేశాడు.

"చింతపండు. కొత్తది గాదు, నల్లబడిన పాతది."

తాత మొహంలో కొంచెం కదలిక వచ్చింది. నాకు గర్వంతో కడుపు నిండిపోయింది. ఇక ఒక్కటే మిగిలింది.

మూడో దొప్ప దగ్గర కాశయ్య ఆగిపోయాడు. తాగాడు, మళ్లీ తాగాడు. నా దొప్పలోనూ అదే పోశారు కాబట్టి నేనూ రుచి చూశాను. పాత మడ్డి ఉంచిన లొట్టిలో దిగిన తాటికల్లు. ఆ పులుపు నాకు వెంటనే తెలిసింది, మా వైపు పుట్టినవాడెవడికైనా తెలుస్తుంది. కాశయ్యకు మాత్రం తెలిసే దారి లేదు. మాట అందించాలని నా నాలుక పీకింది. కానీ తాత చూపు నా మీదే ఉంది.

కాశయ్య దొప్ప కింద పెట్టాడు.

"దీనికి నా కాడ మాట లేదు తాతా. ఈ పులుపు మా ఇంట్లో లేదు."

"జొన్నలు పండే ఊర్లో పుట్టి, ఈ పులుపు ఇంట్లో లేదంటావే?" అన్నాడు తాత. ఆ గొంతులో కోపం లేదు, ఆశ వదులుకున్నట్టుంది. ఓబుళమ్మ చేతిలోని ముంత కింద పెట్టలేక, పట్టుకోలేక అలాగే నిలబడిపోయింది. పక్కన కూర్చున్నవాళ్లలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. సంబంధం చేజారిపోయిందనే అనుకున్నాను.

"ఉన్నింది పెద్దాయనా. నేనే తీసేసినా."

లోపలి గడప దగ్గర చెన్నమ్మక్క నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. కాశయ్య లేవబోయాడు. కూర్చోమని చేత్తోనే చెప్పి, చాప దగ్గరికి వచ్చి ఓబుళమ్మ ముందు దోసిలి పట్టింది.

"పొయ్యమ్మా."

ఓబుళమ్మ తాత వైపు చూసింది. తాత తల ఊపాడు. ఇన్నేళ్లూ కల్లు వాసన తగిలితే వీధి మార్చుకుని నడిచిన మనిషి, అందరి ముందూ ఆ దోసెడు కల్లు తాగింది. కళ్లు తుడుచుకుంది.

"అంబలి," అంది. "తెల్లారి కుండ మూత తీసినప్పటి అంబలి, ఉప్పు కూడా వేయకముందుది."

"అదే," అన్నాడు తాత మెల్లగా.

ఆమె చాప అంచున కూలబడింది. తాతతోనే చెబుతున్నా, చూపు కొడుకు మీదే ఉంది.

"మా ఆయన చెట్టు దిగి వస్తే ఒంటి నిండా ఇదే వాసన. ఆయన పోయినాక పొద్దున్నే అంబలి కుండ మూత తీస్తే, ఇంట్లోకి వచ్చి నిలబడినట్టు ఉండేది. తట్టుకోలేకపోయినా. కుండ బయట పడేసినా. ఆ నాటి నుంచి వేడి సంకటే."

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది.

"రోజూ జామాకు నమిలి వస్తాంటే నాకు తెలీదా?" అంది కాశయ్యతో. "అడిగితే మానేస్తావు. మానేస్తే ఈ పిల్ల పోతాది. అందుకే నోరు మూసుకున్నా."

కాశయ్య ఏడ్చేశాడు, నలుగురిలో ఉన్నానని కూడా చూసుకోలేదు. నాకూ కళ్లు నీళ్లతో నిండాయి, దాచుకోలేదు. తాత కర్ర ఆనించుకుని లేచాడు. లోపలి వాళ్లకు వినపడేలా, పసుపు కుంకుమ తెమ్మని కేకేశాడు. కాశయ్యకు ఆ కేక వినపడిందో లేదో కూడా నాకు తెలియదు.

చెన్నమ్మక్క మూడో ముంతలోంచి తన చేత్తోనే దొప్ప నింపి కొడుకు ముందు పెట్టింది.

"ఈ పులుపు తెలీదంటివి కదా. ఇప్పుడు తాగు," అంది. "మీ నాయన ఇట్ల ఉండేటోడు."

కాశయ్య దొప్ప రెండు చేతులతో పట్టుకుని మొహం దాకా ఎత్తాడు. చాలాసేపు వాసన చూస్తూనే ఉండిపోయాడు, తర్వాత తాగాడు.